అతుకు పక్కన (పదకొండో భాగం)

పోయిన భాగంలో మేస్త్రి భుజాన గోనెసంచి వేసుకొని పరీక్షల ల్యాబు మెట్లెక్కడం దాకా వచ్చాం. ఆ సంచిలో మూరెడు పొడవు స్టీలు గొట్టం ముక్క ఉంది. నలభై రోజుల కిందట ఉప్పు కార్ఖానాలో పగిలి ఆయన అల్లుడి ప్రాణం తీసిన గొట్టం అది.

ఉప్పు కార్ఖానా అని ఊరంతా అంటారు గానీ అక్కడ ఉప్పు తయారు చేయరు. వేల అద్దాలతో ఎండను ఒకచోటికి మళ్లించి, ఆ వేడికి ఉప్పును నీళ్లలా కరిగించి, గొట్టాల్లో పారించి, పొద్దు వాలాక ఆ వేడితోనే కరెంటు తీస్తారు. అది కూరల్లో వేసుకునే ఉప్పు కాదు, నైట్రేటు ఉప్పు. అయిదువందల అరవై డిగ్రీల దాకా కాగుతుంది. ఆ గొట్టాలను అతికిన వెల్డర్లందరికీ మేస్త్రే గురువు. అల్లుడికి ముందు పని నేర్పాడు, తర్వాత పిల్లనిచ్చాడు. మనిషి బాగా పొడగరి కావడంతో ముద్దుగా ‘నిచ్చెన’ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

గొట్టం పగిలిన చోటికి దగ్గర్లో ఒక అతుకు ఉంది. దాని పక్కన స్టీలు మీద ముప్ఫై ఏడు అని గుద్దిన ముద్ర ఉంది. ఏ అతుకు ఎవరిదో తెలియడానికి ఒక్కో వెల్డరుకు ఒక్కో నంబరు ఇస్తారు. ముప్ఫై ఏడు అల్లుడి నంబరు. ఆసుపత్రి వరండాలో కార్ఖానా సూపరింటెండెంటు ఆ సంగతి చెప్పినప్పుడు మేస్త్రి నోట వచ్చిన మాట ఒక్కటే, “తొందరపడి ఉంటాడు సార్.” విచారణ కాగితాల్లోకి ఆ మాటే ఎక్కింది. పక్కనే నిలబడి విన్న కూతురు చిట్టి ఆ రోజు నుంచి తండ్రి మొహం చూడలేదు. అదే కార్ఖానాలో కంట్రోల్ రూమ్ ఆపరేటరు ఆమె. పది రోజుల కిందటే మళ్లీ డ్యూటీలో చేరింది. మాట్లాడాలని మేస్త్రి రెండుసార్లు క్వార్టర్స్ దాకా వెళ్లి, మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

ఎందుకో ఎవరికీ చెప్పకుండా, తుక్కు కుప్పలోంచి ఆ ముక్కను ఏరుకొచ్చి ల్యాబులో ఇచ్చాడు. రెండు రోజులాగి రమ్మన్నారు. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చాడు.

ల్యాబు నడిపే ఆవిడను అందరూ ల్యాబమ్మ అంటారు. యాభై దాటిన మనిషి. విరిగిన షాఫ్టులు, పగిలిన బాయిలరు గొట్టాలు కోసి చూసి, ఎందుకు విరిగాయో ఎందుకు పగిలాయో చెప్పడం ఇరవై ఏళ్లుగా ఆవిడ పని. గదిలో తడిసిన ఇనుప పొడి వాసన. కోత యంత్రం కింద బకెట్టులో బూడిదరంగు నీళ్లు. కిటికీ దగ్గర బల్ల మీద మైక్రోస్కోపు.

“కూర్చోండి మేస్త్రిగారూ. మంచినీళ్లు తాగుతారా?”

“ముందు మాట చెప్పండమ్మా. నీళ్లు తర్వాత దిగుతాయి.”

ఆయన కూర్చోలేదు. టోపీని రెండు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఇలా నిలబడిన వాళ్లను ల్యాబమ్మ చాలామందిని చూసింది. విషయాన్ని తిప్పి చెబితే వాళ్లకు ఇంకా కష్టమని ఆవిడకు తెలుసు.

“అతుకులో లోపం లేదు.”

“ఏమన్నారు?”

“లోపం లేదన్నాను. ఎక్స్‌రే తీశాను. రెండు చోట్ల కోసి చూశాను. బుడగ లేదు, పగులు లేదు, అడుగున కలవని చోటంటూ లేదు. ఇంత శుభ్రమైన అతుకులు నా సర్వీసు మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.”

మేస్త్రి టోపీని నలపడం ఆపాడు. చెవిన పడ్డ మాట లోపలికి దిగడానికి దారి వెతుక్కుంటున్నట్టుంది.

“మరి పగిలిందెక్కడ?”

“అతుకు పక్కన. రెండు వేళ్ల దూరంలో. రండి, మీరే చూడండి.”

గొట్టం గోడను అడ్డంగా కోసి, నల్లటి బిళ్లలో బిగించి, అద్దంలా పాలిష్ చేసి పెట్టింది ఆవిడ. మేస్త్రి కళ్లజోడు తీసి, కుడికన్ను మైక్రోస్కోపుకు ఆనించాడు. నలభై ఏళ్లు వెల్డింగు మెరుపులు చూసిన కన్ను. కాసేపు నీళ్లు కారాయి. తుడుచుకొని మళ్లీ ఆనించాడు.

ముందు అతుకు కనపడింది. పొర మీద పొర, ఎక్కడా సందు లేకుండా ఒదిగిపోయిన లోహం. ఆవిడ మర తిప్పుతూ బిళ్లను మెల్లగా జరిపింది. అతుకు దాటిపోయింది. గొట్టం లోపలి అంచు వచ్చింది. అక్కడ లోహం లోహంలా లేదు. నల్లటి సన్నని గీతలు వేళ్లలా లోపలికి పాకి ఉన్నాయి. అంచంతా చిల్లులు చిల్లులుగా, చెదలు తిన్న తలుపులా ఉంది.

“ఇదేంటమ్మా, స్టీలేనా?”

“స్టీలే. దీన్ని కాపాడేది ఇందులో కలిపిన క్రోమియం. పైన కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది. మంచి ఉప్పు ఎంత కాగినా ఆ పొర జోలికి పెద్దగా పోదు. ఈ ఉప్పు ఆ పొరను చీల్చుకొని లోపలికి పోయింది. పోయి, లోపలున్న క్రోమియాన్ని ఏరుకొని తినేసింది. బయట నుంచి చూస్తే గొట్టం గొట్టంలాగే ఉంటుంది. తడితే శబ్దం కూడా మారదు. లోపల మాత్రం గుల్ల.”

“ఎంత మిగిలింది?”

“ఏడు మిల్లీమీటర్ల గోడలో ఒకటిన్నర. ఉప్పు గడ్డకట్టకుండా గొట్టానికి చుట్టే కరెంటు వేడి తీగలు వంపు దగ్గర మరీ దగ్గర దగ్గరగా చుట్టారు. అక్కడ ఉప్పు మరింత కాగింది. అందుకే ముందు అక్కడ పోయింది. మీ అల్లుడు ఆ సమయానికి దాని కింద ఉన్నాడు. ఇంకో గంట అటో ఇటో అయితే వేరే ఎవరో ఉండేవాళ్లు, లేదా ఎవరూ ఉండేవాళ్లు కాదు.”

బల్ల మీద రెండు గాజు గొట్టాలున్నాయి. రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవమే. ఒకదానిలో ల్యాబులో ఉన్న శుభ్రమైన నైట్రేటు ఉప్పు కలిపింది. రెండోదానిలో పగిలిన ముక్క లోపల గడ్డకట్టిన ఉప్పు గోకి కలిపింది. మేస్త్రి చూస్తుండగానే రెండింట్లోనూ వెండి నైట్రేటు చుక్కలు వేసింది. మొదటిది అద్దం మీద ఊదినంత మసకబారింది, అంతే. రెండోది విరిగిన పాలలా తెల్లగా గడ్డలు కట్టి కిందికి దిగింది.

“క్లోరైడు. మామూలు ఉప్పులో ఉండేది, స్టీలుకు పడనిది. ఉండదగిన దానికి పదిహేను రెట్లుంది. నిన్న మళ్లీ కొలిచాను. శుద్ధి చేయని ఉప్పు పోశారు మేస్త్రిగారూ. ఎవరు పోశారో, ఎందుకు పోశారో నాకు తెలీదు. గొట్టాన్ని తిన్నది మాత్రం అదే.”

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ల్యాబమ్మ ఈ క్షణం కోసమే రెండు రోజులు ఎదురుచూసింది. చచ్చిపోయిన మనిషికి న్యాయం చేసే అవకాశం తన పనిలో ఎప్పుడోగానీ రాదు. డ్రాయరు లాగి, సంతకం పెట్టి సిద్ధంగా ఉంచిన రిపోర్టు తీసింది.

“ఇది మీ అమ్మాయికి చూపించండి. మీ అల్లుడి చేయి చాలా మంచి చేయి అని నేను చెప్పానని కూడా చెప్పండి.”

మేస్త్రి కాగితం అందుకోలేదు.

“అది వాడి చేయి కాదమ్మా.”

“అంటే?”

“ఆ అతుకు నేను చేశాను.”

ల్యాబమ్మ కాగితాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

“రెండేళ్లవుతోంది. మూడో అంతస్తు మీద పని. వాడు అతుకు సగం గుండ్రం తిప్పాడో లేదో చిట్టికి జ్వరం పేలిపోతోందని కబురొచ్చింది. చేతులు వణుకుతున్నాయి వాడికి. ‘నువ్వు దిగిపో నిచ్చెనా, ఈ చేతులతో ఏం అతుకుతావు, నేను కానిస్తాలే’ అన్నాను. వాడు చేసినదంతా గ్రైండరు పెట్టి తీసేసి, మొదటి నుంచీ నేనే చేశాను. ముద్ర గుద్దాలి కదా. నా నంబరు అచ్చు కింద పెట్టెలో ఉంది. మూడంతస్తులు దిగి ఎక్కాలంటే మోకాళ్లు సహకరించవు. వాడి డబ్బా అక్కడే ఉంది. ముప్ఫై ఏడు తీసి గుద్దేశాను. మామా అల్లుళ్లం, నీదా నాదా అనుకున్నాను.”

“మరి ఆసుపత్రిలో…”

“అదే చెబుతున్నా.” టోపీని మోకాలి మీద పెట్టుకున్నాడు. “సూపరింటెండెంటు నంబరు చెప్పాడు, ఏ వంపు దగ్గరో చెప్పాడు. నాకు వెంటనే తెలిసిపోయింది అది నా అతుకని. తలుపు అవతల వాడున్నాడు. ఒంటికి అంటుకుపోయిన చొక్కా కత్తిరించి తీస్తున్నారు. నా అతుకు విడిపోయి వాడు కాలిపోయాడనుకున్నాను. నోరు తెరిస్తే ‘అది నాది సార్’ అని రావాలి. ‘తొందరపడి ఉంటాడు’ అని వచ్చింది. ఎక్కణ్నుంచి వచ్చిందో ఈ రోజుకీ తెలీదమ్మా. అన్నాక వెనక్కి తీసుకుందామని చూస్తే చిట్టి నా పక్కనే ఉంది. నా వైపు చూసిన చూపు…”

ఆయన కళ్లజోడును చొక్కా అంచుతో తుడిచాడు.

“వాడు ఇంకో పన్నెండు గంటలు బతికాడు. స్పృహ లేదన్నారు డాక్టర్లు. లేదనే అనుకుంటున్నా. ఉండి, ఆ మాట విని ఉంటే…”

“లేదు,” అంది ల్యాబమ్మ. “ఆ స్థితిలో ఏమీ వినపడదు.” నిజంగా వినపడదో లేదో ఆవిడకు తెలీదు. లోహం గురించైతే తెలియనిది తెలియదనే చెప్పేది.

“ఈ ముక్క ఎందుకు తెచ్చానో తెలుసా అమ్మా? లోపం నాదేనని తేలితే చిట్టి కాళ్ల మీద పడి చెప్పేద్దామని. రిపోర్టు చేతిలో ఉంటే ధైర్యం వస్తుందని. ఇప్పుడు మీరు లోపం లేదంటున్నారు. నేను చంపలేదంటున్నారు. సంతోషించాలి కదా నేను?” ఆయన నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. “అతుకు చెడితే చేతిదే తప్పు. అరవై నాలుగేళ్లొచ్చాయి, కళ్లు ఆనడం లేదు, చెయ్యి తడబడింది అని ఎలాగోలా సర్దుకునేవాణ్ని. అతుకు బాగానే ఉంది. చెడింది నా మాటొక్కటే. దానికేం చెప్పుకోను?”

ల్యాబమ్మ లేచి కూజాలోంచి నీళ్లు వంచి తెచ్చి ఇచ్చింది. మేస్త్రి గ్లాసు అందుకొని, తాగకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకొని కూర్చున్నాడు. కాలిన మచ్చలతో నిండిన అరచేతులు. ఆవిడ కాసేపు కిటికీ బయటికి చూసింది. ఎదురింటి డాబా మీద ఎవరో ఆరిన దుప్పట్లు తీసుకుంటున్నారు. ఏడిస్తే ఆయన భారం కొంచెం దిగుతుందేమో అనిపించింది. ఆయన ఏడవలేదు.

“రిపోర్టులో మార్చాల్సిందేమీ లేదు,” అంది చివరికి. “అతుకు ఎవరిదని నేను రాయను, ఎలా ఉందో అదే రాస్తాను. ఎవరిదో చెప్పడం మీ పని. కార్ఖానాకు కూడా ఒక కాపీ పంపుతాను. ఆ ఉప్పంతా తీసి పారబోయాలి. ఈ గొట్టం పగిలిన మొదటి లైను ఎటూ ఆగిపోయింది కదా?”

“ఆగిపోయింది.”

“రెండో లైన్లో ఏ ఉప్పు పోశారు?”

మేస్త్రి తలెత్తాడు.

“అదే ఉప్పు. రెండూ ఒకేసారి నింపారు. ఒకే సరుకు, ఒకే రకం సంచులు. మా వాళ్లే మోశారు.”

“దాన్నీ ఆపేశారుగా? ప్రమాదం జరిగిన రోజే ఆపారని పేపర్లో చదివాను.”

“ఆపారు. ఇవాళ పొద్దున మళ్లీ మొదలుపెట్టారు.”

“ఎవరు చెప్పారు మొదలుపెట్టమని? గొట్టాల మందం కొలిచారా?”

“గొట్టాలు కొలవలేదమ్మా. అతుకులు చూశారు.” ఆయన మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. “ఆ లైన్లో ముప్ఫై ఏడు ముద్ర ఎక్కడైనా ఉందా అని నాలుగు రోజులు వెతికారు. ఒక్కటీ లేదు. నిచ్చెన ఆ లైను ముట్టుకోలేదు. అందుకని భయం లేదన్నారు.”

అన్నాక తానేమన్నాడో ఆయనకే అర్థమైంది. చేతిలోని గ్లాసు వంగి నీళ్లు మోకాళ్ల మీద ఒలికాయి. అది కూడా గమనించలేదు. ఆసుపత్రి వరండాలో అన్న ఆ ఒక్క మాట చచ్చిన వాడి పరువు తీసి ఊరుకోలేదు. కాగుతున్న ఉప్పును మళ్లీ గొట్టాల్లోకి తోలింది.

ల్యాబమ్మ అప్పటికే ఫోను దగ్గరికి వెళ్లింది. సూపరింటెండెంటు నంబరు కలిపింది. రెండుసార్లు మోగి మోగి ఆగిపోయింది. కార్ఖానా ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. బండి మీద వెళ్లినా అరగంట.

“కంట్రోల్ రూమ్ నంబరు తెలుసా?”

మేస్త్రికి నోటికి వచ్చు. ఈ నలభై రోజుల్లో ఆ నంబరు ఎన్నిసార్లు సగం దాకా నొక్కి వదిలేశాడో ఆయనకే తెలుసు. ఒక్కో అంకె చెప్పాడు. ల్యాబమ్మ ఫోను స్పీకరు మీద పెట్టింది. రెండో రింగుకే అవతల ఎత్తారు.

“కంట్రోల్ రూమ్. చెప్పండి.”

చిట్టి గొంతు. కాస్త నీరసంగా, డ్యూటీ గొంతులో. ల్యాబమ్మ మాట్లాడడానికి నోరు తెరిచింది. ఆ లోపే మేస్త్రి స్టూలు మీంచి లేచి బల్ల మీదికి వంగాడు.

“చిట్టీ, నేనమ్మా… నాన్నను.”

ఫోను కట్ కాలేదు. కంట్రోల్ రూమ్ ఫ్యాన్ల హోరు వినపడుతోంది.

“ఆపమని చెప్పండి, ముందు రెండో లైను…” అంటూ ల్యాబమ్మ ఆయన భుజం పట్టుకుంది. ఆయనకు వినపడలేదు. నలభై రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాటే ముందు బయటికి తోసుకొచ్చింది.

“ఆ అతుకు మీ ఆయనది కాదమ్మా. నాది. నేను చేసిన అతుకది. వాడి ముద్ర నేనే గుద్దాను…”

ఫ్యాన్ల హోరు మధ్య ఒక చిన్న శబ్దం వినపడింది. ఊపిరి లోపలికి పీల్చి వదలలేకపోయినప్పుడు వచ్చే శబ్దం.

“నువ్వా?” అంది చిట్టి. “నీ అతుకా నాన్నా ఆయన్ని…”

“కాదమ్మా, అతుకులో లోపం…”

ఫోను కట్ అయింది.

చెప్పాల్సిన దానిలో సగమే చెప్పాడు. ‘లోపం లేదు’ అనే మిగతా సగం ఆయన నోట్లోనే ఉండిపోయింది. తన భర్తను చంపింది తన తండ్రేనని ఇప్పుడు ఆ పిల్ల నమ్ముతోంది. పైగా కాగే ఉప్పు సంగతి ఆమె చెవిన పడనే లేదు.

ల్యాబమ్మ మళ్లీ నంబరు నొక్కింది. ఎంగేజ్. మళ్లీ. ఎంగేజ్. మేస్త్రి బల్ల అంచు పట్టుకొని ఫోను వైపే చూస్తున్నాడు. నాలుగోసారి కలిసింది. ఈసారి మగ గొంతు.

“షిఫ్టు ఇన్‌చార్జిని మాట్లాడుతున్నా.”

“పరీక్షల ల్యాబు నుంచి మాట్లాడుతున్నానండి. రెండో లైను వెంటనే ఆపేయండి. గొట్టాల్లో గోడ మిగల్లేదు. ఇప్పుడెంతలో ఉంది వేడి?”

“అయిదువందల నలభై దాటింది. ఆపమని మీరెవరండీ చెప్పడానికి? సూపరింటెండెంటు గారి ఆర్డరుండాలి.”

“ఆర్డరు తర్వాత చూసుకోవచ్చు. ముందు దాని దగ్గరున్న మనుషుల్ని తప్పించండి. చిట్టికి ఫోనివ్వండి, నేను చెబుతాను.”

“ఆమె లేదండీ. ఇందాక ఏదో ఫోనొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ లేచింది. ఇంటికి పొమ్మన్నా వినలేదు. రెండో లైను వంపు దగ్గర కెమెరాలో సన్నగా పొగ కనిపిస్తోంది. ఎవరో ఒకరు వెళ్లి చూడాలిగా, నేను చూసొస్తానని ఇప్పుడే వెళ్లింది.”